కార్చిచ్చు - దాని నడక, మన రక్షణ

ఒక వార్త క్షణాలలో ఊరంతా ప్రాకినప్పుడు తెలుగువారు "కార్చిచ్చులా వ్యాపించింది" అంటారు. అదే సందర్భంలో ఉర్దూ మాట్లాడేవారు "జంగల్ కీ ఆగ్ కీ తరహ్ ఫైల్ గయీ" అంటారు. మన కళాశాలలో ప్రక్కప్రక్కనే వినిపించే ఈ రెండు భాషలూ ఒకే ఉపమానాన్ని ఎన్నుకొన్నవి. అడవిలో చెలరేగిన నిప్పు వేగం ఈ దేశ ప్రజల మనస్సులలో ఎంత గాఢంగా నాటుకొని ఉన్నదో దీనిని బట్టి తెలుసుకొనవచ్చును.

అయితే ఈ ఉపమానంలో ఒక అపోహ కూడా దాగి ఉన్నది. కార్చిచ్చు అడ్డూ ఆపూ లేక తనకు తోచిన దిక్కునకు పరుగెత్తుతుందనీ, దాని ముందు మానవుడు కేవలం నిస్సహాయుడనీ మనం భావిస్తాము. నిజం అది కాదు. నీటికి పల్లమెరిగి ప్రవహించే నియమం ఉన్నట్లే నిప్పునకు కూడా నియమాలున్నవి. ఆ నియమాలు తెలిసినవాడు మంట ఏ దిక్కునకు, ఏ వేగంతో రాగలదో చాలవరకు ముందుగానే ఊహింపగలడు. సకాలంలో తప్పుకొని ప్రాణం దక్కించుకొనగలడు. తెలియనివాడు భయంతో పరుగెత్తి, తరచుగా మంట రాబోయే దిక్కునకే చేరుకొంటాడు. ఈ వ్యత్యాసాన్ని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మన విద్యార్థులకు దూరమైనది కాదు. నల్లమల, ఎర్రమల, పాలకొండలు, శేషాచలం - ఇవన్నీ మన రాయలసీమను ఆనుకొని ఉన్న ఆకురాల్చే అడవులు. శ్రీశైలానికో, అహోబిలానికో విహారయాత్రగా వెళ్ళి అడవి బాటలలో తిరిగిన విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. ఫిబ్రవరి నుండి జూన్ వరకు ఆ అడవులు మంటకు సిద్ధంగా ఉంటాయి. 2014 మార్చిలో తిరుమల చుట్టుప్రక్కల శేషాచలం అడవిలో మంటలు చెలరేగినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను కూడా రప్పించవలసి వచ్చింది. 2018 మార్చి 11వ తేదీన తమిళనాడులోని తేని జిల్లా, కురంగణి కొండలలో కాలినడకన యాత్ర చేస్తున్న ఒక బృందం కార్చిచ్చులో చిక్కుకొన్నది. 20 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు యువతీయువకులు. సెలవు దినాన కొండలను చూడవచ్చినవారు.

మంట పుట్టుక

మంట పుట్టడానికి మూడు వస్తువులు కావలెను: మండే పదార్థం, ప్రాణవాయువు, వేడి. ఈ మూటిలో ఏ ఒక్కటి లోపించినా మంట నిలువదు. అగ్నిమాపక శాస్త్రమంతా ఈ చిన్న సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది. నీరు చల్లడం వేడిని తీసివేయడం. మన్ను కప్పడం గాలిని అడ్డుకొనడం. అడవిలో ఆకులు ఊడ్చి బాట తీయడం మండే పదార్థాన్ని తొలగించడం.

ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. మంటగా మనకు కనబడేది కట్టె కాదు. వేడికి కట్టె నుండి వెలువడే ఆవిరులే మంటగా మండుతాయి. ఆకుకు గాని పుల్లకు గాని వేడి తగిలినప్పుడు ముందుగా దానిలోని తేమ ఆవిరైపోతుంది. ఆ తరువాత వేడి ఇంకా పెరిగిన కొద్దీ అది విచ్ఛిన్నమై మండే వాయువులను వదులుతుంది. సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆ వాయువులు అంటుకొంటాయి. కనుక తేమ ఉన్నంతవరకు వేడిలో అధిక భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పచ్చిఆకు సులభంగా అంటుకొనక పోవడానికీ, ఏప్రిల్ నెలలో ఎండుటాకు ఒక్క బీడీ ముక్కకే భగ్గుమనడానికీ గల రహస్యం ఇదే.

ఒక మంట ముందుకు సాగడమంటే ఏమిటో కూడా దీనివలన అర్థమవుతుంది. మండుతున్న గడ్డిపోచ తన ప్రక్కనున్న పోచను ముందుగా ఎండబెట్టి, వేడిచేసి, ఆ పైన అంటిస్తుంది. అది తన ప్రక్క దానిని అంటిస్తుంది. అనగా కార్చిచ్చు ఒకే మంట ప్రయాణం కాదు. ఒకదాని తరువాత ఒకటిగా లక్షలాది చిన్న అంటింపులు. ఈ ముందస్తు వేడి ఎంత త్వరగా అందితే మంట అంత త్వరగా నడుస్తుంది. 1972లో అమెరికా దేశానికి చెందిన రిచర్డ్ రాథర్మెల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని మంట వేగాన్ని లెక్కగట్టే గణిత పద్ధతిని రూపొందించాడు. నేటి కంప్యూటరు అంచనాలలో అనేకం ఆ పునాది మీదనే నడుస్తున్నవి.

మూడు తరగతుల మంటలు

అడవి మంటలను మూడు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది భూగర్భపు మంట. నేలలో పేరుకొన్న కుళ్ళిన ఆకు, వేళ్ళు మొదలైనవి మంట కనబడకుండా రోజుల తరబడి రాజుకొంటూ ఉంటాయి. రెండవది నేలమంట. రాలిన ఆకు, గడ్డి, చిన్న పొదలు దీనికి ఆహారం. మూడవది కొనమంట. ఇది చెట్ల తలల మీదుగా ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు దూకుతూ పోతుంది. చమురు, జిగురు అధికంగా గల దేవదారు జాతి చెట్లలోను, ఆస్ట్రేలియా దేశపు యూకలిప్టస్ అడవులలోను ఇది భయంకర రూపం ధరిస్తుంది.

మన నల్లమలలోను, శేషాచలంలోను ప్రధానంగా కనబడేది నేలమంట. దాని ఎత్తు తరచుగా మోకాటికో, నడుముకో మించదు. అందువలన దానిని తేలికగా తీసుకొనే ప్రమాదం ఉన్నది. ఎండిన బోదగడ్డి నిలువెత్తు పెరిగిన కొండవాలు మీద, గాలి తోడైనప్పుడు, అదే నేలమంట మనిషిని మించిన ఎత్తున లేచి, మనిషిని మించిన వేగంతో పరుగెత్తగలదు. కురంగణిలో యాత్రికులను చుట్టుముట్టినది మహావృక్షాల మంట కాదు, ఎండుగడ్డి మంట.

నడకను నిర్ణయించే మూడు శక్తులు

కార్చిచ్చు దిక్కును, వేగాన్ని నిర్ణయించేవి మూడు: ఇంధనం, గాలి, నేల వాలు.

ఇంధనంలో ముఖ్యమైనది పరిమాణం కాదు, సన్నదనం. లావుపాటి దుంగ గంటల తరబడి నిలిచి మండుతుంది గాని మంటను ముందుకు నడపలేదు. గడ్డిపోచ, ఎండుటాకు, సన్నపుల్ల - ఇవే మంటకు గుర్రాలు. వాటిలోని తేమ గాలిలోని తేమను అనుసరించి గంటగంటకూ మారుతూ ఉంటుంది. తెల్లవారుజామున మంచుకు మెత్తబడి ఉన్న గడ్డి మధ్యాహ్నం రెండు గంటలకు పొడిబారి పెళపెళలాడుతుంది. రాత్రి అణగియున్న మంట మరునాటి మధ్యాహ్నం తిరిగి విజృంభించడానికి కారణం ఇది. రాత్రి చూచి "ఆరిపోయినది" అని నమ్మడం ప్రమాదకరం.

గాలి మూడు పనులు చేస్తుంది. మంటకు ప్రాణవాయువును అందిస్తుంది. మంటను ముందుకు వంచి ఎదుటనున్న గడ్డిని ముందుగానే వేడిచేస్తుంది. నిప్పురవ్వలను మోసుకొనిపోయి దూరాన క్రొత్త మంటలు పుట్టిస్తుంది. గాలి ఒకే దిక్కు నుండి వీస్తున్నప్పుడు మంట కోడిగ్రుడ్డు ఆకారంలో సాగుతుంది. గాలి పోయే దిక్కున ఉన్న కొన దాని తల. అది అత్యంత వేగం గలది, అత్యంత ప్రమాదకరమైనది. రెండు ప్రక్కలు నెమ్మదిగా విస్తరిస్తాయి. వెనుక భాగం గాలికి ఎదురుగా అతి మెల్లగా ప్రాకుతుంది. ఈ చిత్రాన్ని మనస్సులో నిలుపుకొన్నవాడు మంటకు ఎదురుగా, దాని తల సాగే బాటలో ఎన్నడూ నిలువడు. గాలికి అడ్డంగా ప్రక్కకు తప్పుకొంటాడు.

మూడవది నేల వాలు. మైదానంలో పెరిగిన మనకు ఇది వెంటనే స్ఫురించదు. వేడిగాలి పైకి లేస్తుంది. కనుక కొండ క్రింద పుట్టిన మంట పైనున్న గడ్డిని తన వేడితో తడుముతూ సాగుతుంది. సమతలంతో పోల్చిన, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు మంట వేగం సుమారు రెట్టింపు అవుతుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అనగా 20 డిగ్రీల వాలులో నాలుగు రెట్లు, 30 డిగ్రీల వాలులో ఎనిమిది రెట్లు. మనిషి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. వాలు పెరిగిన కొద్దీ అతని పరుగు నెమ్మదిస్తుంది. కొండ ఎక్కి తప్పించుకొనవచ్చునను ఊహ ఎందుకు ప్రాణాంతకమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. రెండు కొండల నడుమనున్న ఇరుకైన చీలికలు, వాగుల మొదళ్ళు మరింత ప్రమాదకరమైనవి. అవి వంటింటి పొగగొట్టం వలె మంటను, వేడిని పైకి పీల్చుకొంటాయి.

ఎగిరే నిప్పు

గట్టు వేసినా, బాట తీసినా, నది అడ్డమైనా కార్చిచ్చు ఆగకపోవడానికి కారణం నిప్పురవ్వలు. మండుతున్న బెరడు ముక్కలు, ఆకులు వేడిగాలితో పైకి లేచి, గాలివాలున పోయి, దూరాన ఎండుగడ్డిలో పడతాయి. అక్కడ క్రొత్త మంట మొలకెత్తుతుంది. ఆస్ట్రేలియాలో ఇటువంటి రవ్వలు 30 కిలోమీటర్ల దూరం పోయి అంటించిన సందర్భాలున్నవి.

2018 నవంబరు 8వ తేదీ ఉదయం కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక విద్యుత్ సరఫరా లైను లోపం వలన పుట్టిన మంట పొడిగాలితో కొద్ది గంటలలోనే ప్యారడైజ్ అనే పట్టణాన్ని ముంచెత్తింది. 85 మంది మరణించారు; 18,000కు పైగా కట్టడాలు భస్మమైనవి. తరువాత తీసిన ఛాయాచిత్రాలలో ఒక వింత కనబడింది. ఇళ్ళు బూడిద కుప్పలైన చోట వాటి ప్రక్కనున్న చెట్లు కొన్ని పచ్చగానే నిలిచి ఉన్నవి. అనగా ఆ ఇళ్ళను అంటించినది అగ్నిజ్వాలల గోడ కాదు. పైకప్పు సందులలో, వసారాలలో, గోడల ప్రక్కనున్న చెత్తలో పడిన చిన్న రవ్వలు కొన్నిటిని అంటించినవి. అంటుకొన్న ఇల్లు ప్రక్క ఇంటిని అంటించింది. పట్టణం విడిచే రోడ్ల మీద వేలాది కార్లు ఒక్కసారిగా క్రిక్కిరిసి నిలిచిపోయినవి. ఆలస్యంగా బయలుదేరడం ఎంతటి ప్రమాదమో ఆ ఉదయం లోకానికి తెలిసింది.

రెండు సంఘటనలు, రెండు పాఠాలు

పైన చెప్పిన నియమాలు పుస్తకాలకు పరిమితమైనవి కావనుటకు రెండు సంఘటనలు పేర్కొనవలసి ఉన్నది.

1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, మాన్ గల్చ్ అనే కొండలోయలో పిడుగుపాటు వలన పుట్టిన మంటను ఆర్పుటకు విమానం నుండి పారాచూట్ల సహాయంతో 15 మంది దిగారు. అడవి కాపలాదారు ఒకడు వారితో చేరాడు. వారు లోయ వెంబడి నది వైపు దిగుతుండగా మంట వారి ముందు భాగాన లోయను దాటి అడ్డు నిలిచింది. వెనుదిరిగి గడ్డి నిండిన ఏటవాలు కొండను ఎక్కుతూ పరుగెత్తవలసి వచ్చింది. మంట వారిని తరుముకొచ్చింది. నాయకుడైన వాగ్నర్ డాడ్జ్ పరుగు ఆపి, ఒక అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టాడు. అది క్షణాలలో కాలిపోయి నల్లని నేల మిగిలింది. ఆ బూడిదలోనికి రమ్మని తోటివారిని పిలిచాడు. ఎవరికీ ఆ ఆలోచన అర్థం కాలేదు. అందరూ అతనిని దాటి పైకి పరుగెత్తారు. డాడ్జ్ ఆ బూడిదలో బోర్లా పడుకొన్నాడు. పెనుమంట అతని చుట్టూ తిరిగి పోయింది, అతడు బ్రతికాడు. ఇద్దరు యువకులు శిఖరం మీది బండల సందు గుండా బయటపడ్డారు. మిగిలిన 13 మందీ మరణించారు.

ఇందులోని సత్యం ఒకటే. ఒకసారి కాలిన నేల మరల కాలదు. నల్లని నేలయే ఆశ్రయం. అయితే అనుభవం లేనివారు తామే నిప్పు పెట్టి తప్పించుకొన ప్రయత్నించడం మరొక విపత్తునకు దారితీస్తుంది. డాడ్జ్ చేసినది ఏండ్ల తరబడి మంటలతో పోరాడిన నిపుణుడు గత్యంతరం లేనప్పుడు చేసిన పని. మనం నేర్వవలసినది కాలిన నేలను గుర్తించి ఆశ్రయించడమే.

రెండవ సంఘటన 2009 ఫిబ్రవరి 7వ తేదీన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగింది. ఆ దినాన్ని వారు "నల్ల శనివారం" అని పిలుస్తారు. మెల్బోర్న్ నగరంలో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. ఉత్తరం నుండి వీచిన వడగాలులు మంటలను పొడవుగా దక్షిణానికి తీసుకొనిపోయినవి. సాయంకాలం గాలి ఒక్కసారిగా మళ్ళి నైరుతి దిక్కు నుండి వీచింది. అంతవరకు నెమ్మదిగా ఉన్న పొడవైన ప్రక్కభాగం అంతా క్షణాలలో మంటకు తలగా మారి క్రొత్త గ్రామాల మీద పడింది. మొత్తం 173 మంది మరణించారు. 2,000కు పైగా ఇళ్ళు కాలినవి. మరణించిన వారిలో పెక్కుమంది తమ ఇళ్ళలోనే ప్రాణాలు విడిచారు. అంతకు పూర్వం ఆ దేశంలో "సిద్ధపడి ఇంటిలో నిలిచి కాపాడుకొనుట, లేదా ముందుగా వెళ్ళిపోవుట" అనే సలహా ప్రచారంలో ఉండేది. ఈ ఉత్పాతం తరువాత, అత్యంత ప్రమాదకరమైన దినాలలో ముందుగా వెళ్ళిపోవుటయే సురక్షితమని గట్టిగా చెప్పసాగారు.

నిప్పు పెట్టేదెవరు?

అమెరికా, కెనడా దేశాలలో పిడుగుల వలన అనేక కార్చిచ్చులు పుడతాయి. మన దేశంలో పిడుగుతో పాటు సామాన్యంగా వాన కూడా వస్తుంది. కనుక మన అడవి మంటలలో అత్యధిక భాగానికి కారణం మానవుడే. తునికాకు బాగా చిగురించవలెనని కొందరు నేల కాలుస్తారు. రాలిన ఇప్పపువ్వు ఏరుకొనుటకు వీలుగా చెట్టు క్రింది ఆకును కొందరు తగులబెడతారు. క్రొత్త గడ్డి మొలవవలెనని పశువుల కాపరులు, తేనెటీగలను పొగబెట్టుటకు కాగడాతో వెళ్ళినవారు, పొలం గట్టున కంప కాల్చిన రైతు, బాట ప్రక్కన అన్నం వండుకొని నిప్పు ఆర్పకుండా లేచిన యాత్రికుడు, వాహనం నుండి సిగరెట్టు ముక్క విసరిన ప్రయాణికుడు - ఈ జాబితాలో అందరూ ఉన్నారు. వీరిలో బీదవారిని మాత్రమే నిందించుట న్యాయం కాదు. అడవిని నమ్ముకొని బ్రతికే వారికి మంట ఒక పనిముట్టు. వినోదానికి వెళ్ళిన మనకు ఆ సాకు కూడా లేదు.

దేశంలోని అడవులలో 36 శాతానికి పైగా తరచుగా మంటలకు గురయ్యే స్థితిలో ఉన్నట్లు భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2019 నివేదికలో పేర్కొన్నది. డెహ్రాడూన్‌లో గల ఈ సంస్థ కృత్రిమోపగ్రహాలు పంపే సమాచారం ఆధారంగా మంట ఉన్న చోటును గుర్తించి ఆయా అటవీ అధికారులకు హెచ్చరికలు పంపుతున్నది. నేలను 375 మీటర్ల చదరాలుగా విభజించి వేడిని పసికట్టగల పరికరాలు ఆ ఉపగ్రహాలలో ఉన్నవి. కాని ఉపగ్రహం మంటను చూడగలదే గాని ఆర్పలేదు. ఆర్పేవారు మనుష్యులే. నల్లమలలో చెంచు యువకులు అనేకులు అటవీ కాపలాదారులుగా ఈ పని చేస్తున్నారు. వేసవికి ముందే ఆకులు, గడ్డి తొలగించి అగ్నిరేఖలు తీయడం, పచ్చికొమ్మలతో మంటను బాది ఆర్పడం, గాలి ఊదే యంత్రాలతో ఎండుటాకును తొలగించడం - ఇవి వారి పద్ధతులు. ఈ పని ప్రాణాలతో కూడుకొన్నది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ రాష్ట్రం, అల్మోడా జిల్లాలోని బిన్సర్ అభయారణ్యంలో మంటను ఆర్పబోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే మరణించారు.

అడవిలో ఉన్నప్పుడు

విహారయాత్రకు వెళ్ళే విద్యార్థులు, వారిని తీసుకొని వెళ్ళే అధ్యాపకులు గుర్తుంచుకొనవలసిన విషయాలు ఇవి.

మొదటిది: బయలుదేరకముందే అటవీ శాఖ అనుమతి పొందవలెను; ఆ ప్రాంతంలో మంటలు ఉన్నవేమో విచారింపవలెను. ఎక్కడైనా మంట ఉన్నదని తెలిసిన, యాత్రను మానుకొనుటయే వివేకం. అనుమతి లేని బాట పట్టిన బృందం ఎక్కడ ఉన్నదో ఆపదలో ఎవరికీ తెలియదు.

రెండవది: మార్చి, ఏప్రిల్, మే నెలలలో నిలువెత్తు ఎండుగడ్డి గల కొండవాలు మీద విడిది చేయరాదు. ఎక్కడ ఆగినా, "మంట వచ్చిన ఎటు పోగలము? ఏ చోట నిలువగలము?" అను రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. బండరాతి మైదానం, చెరువు, వెడల్పైన రోడ్డు, దున్నిన పొలం, ఇదివరకే కాలిన నేల - ఇవి ఆశ్రయాలు.

మూడవది: నూలు వస్త్రాలు, మందపాటి బూట్లు ధరించవలెను. నైలాన్, టెరిలిన్ వంటి వస్త్రాలు వేడికి కరిగి చర్మానికి అంటుకొంటాయి.

నాలుగవది: పొగ కనబడిన వెంటనే గాలి దిక్కు చూడవలెను. పొగ వంగిన దిక్కే మంట సాగే దిక్కు. వెంటనే గాలికి అడ్డంగా ప్రక్కకు, వీలైనంత వరకు క్రిందికి లేదా సమతలంగా తప్పుకొనవలెను. మంట క్రింద ఉండగా పైకి పరుగెత్తరాదు. ఇరుకైన లోయలలోనికి, వాగు చీలికలలోనికి దిగరాదు. బృందం చెల్లాచెదురు కారాదు. అందరిలో నెమ్మదిగా నడిచేవాని వేగమే బృందం వేగమని భావింపవలెను. 112కు గాని, అగ్నిమాపక కేంద్రపు 101కు గాని ఫోను చేసి ఉన్న చోటు స్పష్టంగా చెప్పవలెను.

ఐదవది: తప్పించుకొను దారి మూసుకొనిపోయిన, గడ్డిలేని పల్లపు చోటు వెదకి, పాదాలు మంట వైపు ఉండునట్లు బోర్లా పడుకొని, ముఖాన్ని నేలకు ఆనించి, ఉన్ని కంబళి గాని మన్ను గాని కప్పుకొనవలెను. నేలకు దగ్గరగా గాలి కొంత చల్లగా, పొగ తక్కువగా ఉంటుంది. వేడిగాలిని లోనికి పీల్చడం మంట తగలడం కంటె కూడా ప్రమాదకరం కాగలదు. వాహనంలో ఉన్నవారు గడ్డి లేని చోట వాహనాన్ని నిలిపి, దీపాలు వెలిగించి, అద్దాలు మూసి, కిటికీల మట్టానికి క్రిందుగా ఒరిగి, మంట తల దాటిపోవువరకు లోపలనే ఉండవలెను. దట్టమైన పొగలోనికి వాహనం నడపరాదు.

ఊరిలో, ఇంటిలో

అడవి అంచున ఉన్న పల్లెలకు ప్యారడైజ్ నేర్పిన పాఠం అక్షరాలా వర్తిస్తుంది. ఇంటిని కాపాడేది ఇంటి చుట్టూ ఉన్న కొద్ది గజాల నేల. వేసవికి ముందు ఇంటి చుట్టూ ఎండుగడ్డి, కంప, చెత్త తొలగించవలెను. గడ్డివామిని, పిడకల గూడును, కట్టెల మోపులను ఇంటికి దూరంగా ఉంచవలెను. పూరిపాక అయిన పైకప్పు మీద పడిన రవ్వను వెంటనే ఆర్పుటకు నీటితొట్టి, నిచ్చెన, తడిగోనెలు అందుబాటులో ఉండవలెను. వృద్ధులను, రోగులను, పసిపిల్లలను, పశువులను అందరి కంటె ముందుగా తరలింపవలెను. అధికారులు వెళ్ళిపొమ్మన్న పిదప సామాను కొరకు ఆగరాదు.

కాలిన గాయంపై చల్లని పారే నీటిని సుమారు 20 నిమిషాలు పోయవలెను. మంచుగడ్డ, సిరా, పేస్టు, పసుపు మొదలైనవి పూయరాదు. చర్మానికి అంటుకొన్న బట్టను పెరికివేయరాదు. శుభ్రమైన వస్త్రం కప్పి 108 వాహనాన్ని పిలువవలెను.

మంట ఆరిన తరువాత కూడా జాగ్రత్త అవసరం. మోడులు లోలోపల రాజుకొంటూ హఠాత్తుగా కూలవచ్చును. బూడిద క్రింద నిప్పులు రోజుల తరబడి నిలువవచ్చును.

విద్యార్థుల బాధ్యత

కార్చిచ్చును గూర్చి తెలుసుకొనుట కేవలం ఆత్మరక్షణ కొరకు కాదు. పొడి అడవులలో పరిమితమైన చిన్న మంట ప్రకృతికి క్రొత్తదేమీ కాదు. కాని ఏటేటా అదే నేల కాలిన మొలకలు పెరుగవు. చెట్లకు వారసులు ఉండరు. కప్పు లేని కొండ మీద తొలకరి వాన మన్నును కోసుకొనిపోతుంది. ఆ మన్ను వాగుల గుండా మన చెరువులలో పూడుతుంది. కొండ మీది మంట, ఊరిలోని దాహం - ఈ రెండింటికీ గల సంబంధం కనబడనిదే గాని లేనిది కాదు.

కావున మన కళాశాల యాజమాన్య సంఘానికి ఒక మనవి. వేసవి నెలలలో అడవి ప్రాంతాలకు విహారయాత్రలు ఏర్పాటు చేయకుండుట, ఇతర మాసాలలో వెళ్ళినప్పుడు కూడా అటవీ శాఖ అనుమతిని, మార్గదర్శిని తప్పనిసరి చేయుట, ఏడాదికి ఒకసారి అగ్నిమాపక సిబ్బందిచే ప్రదర్శన ఇప్పించుట - ఈ మూటికి పెద్దగా ధనం అవసరం లేదు. జాతీయ సేవా పథకం విద్యార్థులు వేసవికి ముందు అడవి అంచు గ్రామాలకు వెళ్ళి, ఈ జాగ్రత్తలను తెలుగులోను ఉర్దూలోను వివరించగలిగితే అది మన సంస్థకు ఎంతో వన్నె తెస్తుంది.

అగ్గిపుల్ల గీయుటకు ఒక క్షణం చాలును. అది అంటించిన కొండ తిరిగి పచ్చబడుటకు ఒక తరం పడుతుంది. అడవిలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ గాలి దిక్కును, నేల వాలును, తాను నిలువగల చోటును ముందుగా చూచుకొనుట నేర్చుకొన్ననాడు కురంగణి వంటి విషాదం మరల వినవలసిన అవసరం ఉండదు.